వాకిట్లో చూపు ఎక్కడ నిలవాలి? తులసి కోట, పూలచెట్టు, కలువ గోలెం, బండరాయి, పందిరి: దక్షిణ తెలంగాణ ఇళ్లకు ఏది నప్పుతుంది

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా కొత్తగా కట్టిన ఇంటి గేటు తీస్తే కనిపించేది దాదాపు ఒకటే. ప్రహరీ పొడవునా వరుసగా కుండీలు. మందారం, గులాబీ, క్రోటన్లు, మనీ ప్లాంటు, వాటి మధ్యలో ఒక క్రిస్మస్ చెట్టు. దేనికదే బాగుంటుంది, పెంచినవాళ్ల శ్రమా తెలుస్తుంది. కానీ కన్ను దేనిమీదా ఆగదు. తోటపని తెలిసినవాళ్లు ఫోకల్ పాయింట్ అనేది ఇక్కడ లేనిదాన్నే: వాకిట్లోకి రాగానే చూపు నేరుగా వెళ్లి నిలిచే ఒక్క చోటు. అది కుదిరితే కుండీలు సగానికి తగ్గినా తోట నిండుగా ఉంటుంది.

అక్కడ ఏం పెట్టాలన్న దానికి వీడియోల్లో దొరికే జవాబులు ఎక్కువగా బెంగళూరు, పుణె, కేరళ వాతావరణానికి సరిపోయేవి. మనది ఎర్ర చెల్క, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే బండ. వాన పడేదే నాలుగు నెలలు. మే నెలలో ఎండ 43 నుంచి 45 డిగ్రీల దాకా పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. అందుకే ఏది కొనాలన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండు గంటలకు, మీరు నాలుగు రోజులు ఊళ్లో లేకపోయినా అది చూడదగ్గట్టు ఉంటుందా? ఉండదనుకుంటే అది ఎంత అందమైనదైనా పక్క వరుసలో పెట్టండి. నడిమధ్య జాగ దానికి ఇవ్వొద్దు.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఎక్కడి నుంచి చూస్తారు. గేటు దగ్గర నుంచా, పొద్దున చాయ్ తాగే అరుగు మీద నుంచా, వంటింటి కిటికీలోంచా? మూడు చోట్ల నుంచీ ఒకే వస్తువు బాగా కనిపించడం చాలా అరుదు. ఎక్కువసేపు ఎక్కడ కూర్చుంటారో ఆ చోటును పట్టుకోండి. గేటు నుంచి వచ్చేవాళ్లకు అది అర నిమిషం దృశ్యం, అరుగు మీద కూర్చునేవాళ్లకు రోజూ గంట.

రెండోది ఎత్తు. చూసే దూరంలో సుమారు మూడో వంతు ఎత్తు ఉంటే కంటికి సరిగ్గా ఆనుతుంది. 12 అడుగుల దూరం నుంచి చూస్తే 4 అడుగులు, గద్దెతో కలిపి. 200 గజాల ప్లాటు, అంటే 30 × 60 అడుగుల జాగలో ఇల్లు కట్టాక ముందు భాగంలో మిగిలేది సాధారణంగా 8, 10 అడుగులు. అక్కడ 9 అడుగుల సిమెంటు ఫౌంటెన్ పెడితే ఇల్లే చిన్నదైపోతుంది. ఊళ్లో పెద్ద వాకిలి, 40 అడుగుల దూరం ఉన్నచోట రెండడుగుల కుండీ పెట్టినా పెట్టనట్టే.

మూడోది వెనక ఏముందో. తెల్లగోడ ముందు తెల్లపూల చెట్టు కనిపించదు. గోడలో ఆ ఐదారు అడుగుల ముక్కకు జాజు రంగో, ముదురు బూడిద రంగో వేస్తే అదే చెట్టు ఎత్తి చూపినట్టుంటుంది. మీటరు డబ్బా, మోటరు స్విచ్చు, బట్టలారేసే తీగ వెనకాల కనబడే చోటును వదిలేయండి. కన్ను ముందు వాటి మీదకే పోతుంది.

ఈ మూడూ చూసుకున్నాక అనుకున్న చోట ఒక ఖాళీ డ్రమ్ము, దాని మీద బిందె బోర్లించి వారం రోజులు వదిలేయండి. కారు తిప్పేటప్పుడు అడ్డమొస్తుందా, పశ్చిమపు ఎండ ఎన్ని గంటలు పడుతుంది, పిల్లలు ఆడేటప్పుడు తగులుతుందా, అన్నీ తేలిపోతాయి. పైసా ఖర్చు లేని పని, చాలామంది చేయని పని.

నేల సంగతి కూడా ముందే చూడాలి. గడ్డపారతో రెండడుగులు తవ్వండి. అడుగున్నరకే మొరం తగిలి పార ఎగురుతుంటే గుంత నిండా రెండు బిందెల నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి నీళ్లు ఇంకా నిలిచే ఉంటే అది గుంత కాదు, అడుగు మూసిన తొట్టి. అందులో చెట్టు పెడితే ఎండాకాలం బతికి వానాకాలం చస్తుంది, వేర్లు కుళ్లి. అలాంటి చోట చెట్టును నేలకన్నా అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ మీద పెట్టాలి. లేదా చెట్టు ఆలోచన మానుకుని రాయో, గోలెమో (నీళ్ల తొట్టి) ఎంచుకోవాలి.

బోరు నీళ్లా, కృష్ణా నీళ్లా?

నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్న వదిలేసి మొక్క కొనకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. తాగే నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగడానికి కృష్ణా నీళ్లు వాడుతున్నారు, కానీ మొక్కలకు ఇప్పటికీ ఎక్కువ ఇళ్లలో బోరు నీళ్లే.

కొన్ని మొక్కలు ఫ్లోరైడ్‌ను అస్సలు ఓర్వవు. డ్రసీనా, కార్డిలైన్, స్పైడర్ ప్లాంటు ఆ జాబితాలో ముందుంటాయి. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగుకు మారి కాలినట్టవుతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, ఆ నీళ్లతో పాటు ఫ్లోరైడూ ఇంకా ఎక్కుతుంది. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ మొక్కలకు ఆ ఎరువు వేయొద్దు. పొడవాటి డ్రసీనాను పెద్ద కుండీలో పెట్టి గుమ్మం ముందు నిలబెట్టడం ఇప్పుడు ఫ్యాషన్. బోరు నీళ్లే దిక్కైతే దాన్ని నడిమధ్య పెట్టకండి. ఏడాది తిరిగేలోపు చూపు నిలిచేది కాలిన కొసల మీదే. కాగితం పూలు, దేవగన్నేరు, అడీనియం (ఎడారి గులాబీ), తంగేడు లాంటివాటితో ఈ బాధ చాలా తక్కువ.

పూలచెట్టు: ఎక్కువ ఇళ్లకు మా మొదటి ఓటు

చెట్లలో మా మొదటి ఎంపిక దేవగన్నేరు. కారణం పువ్వు కన్నా దాని కొమ్మలు. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా ఆ మోటు కొమ్మల అల్లిక చూడముచ్చటగా ఉంటుంది. సరిగ్గా ఎండలు ముదిరేసరికి చిగురు, పువ్వు మొదలవుతాయి. నీళ్లు పోయడం మరిచిపోయినా కొమ్మల్లో దాచుకున్న దానితో గడుపుకుంటుంది.

నర్సరీలో మూడు రకాలు దొరుకుతాయి. ఆకు కొస మొనదేలి ఉండి గులాబీ, పసుపు, ఎరుపు పూలు పూసేది పూర్తిగా ఆకు రాలుస్తుంది. ఆకు కొస గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా ఉండి తెల్లపూలు పూసేది దాదాపు ఏడాదంతా ఆకుతోనే ఉంటుంది, 12, 15 అడుగులు పెరిగి గొడుగు పడుతుంది. మూడోది గరిటె ఆకారపు ఆకులది, నర్సరీల్లో పుడికా అంటారు. ఇది నిలువుగా 8, 10 అడుగులు పోతుంది, అడ్డంగా ఎక్కువ విస్తరించదు, పూత మాత్రం నెలల తరబడి. వాసన దాదాపు ఉండదు. నాలుగడుగుల సందులో ఇదొక్కటే ఇమిడేది. వాసన కావాలనుకుంటే మొదటి రెండింట్లో ఒకటి తీసుకోండి, గోడకు కనీసం 5 అడుగులు వదలండి.

మొక్క కొనకుండా తెలిసినవాళ్ల ఇంటి నుంచి కొమ్మ తెచ్చుకుంటే మరీ మంచిది. వేలి కన్నా లావుగా, అడుగు నుంచి అడుగున్నర పొడవు ముక్క కోసి ఆకులు తీసేసి నీడలో వారం, పది రోజులు ఆరబెట్టాలి. కోసిన చోట పాలు గట్టిపడి పొర కట్టాలి. పచ్చి కొమ్మను అదే రోజు తడిమట్టిలో గుచ్చితే కింది నుంచి నల్లబడి మెత్తగా కుళ్లుతుంది. ఆరిన కొమ్మను మూడొంతులు ఇసుక, ఒక వంతు మట్టి కలిపిన కుండీలో నాలుగంగుళాలు దించి కదలకుండా కర్రకు కట్టండి. చిగురు వచ్చే దాకా పైమట్టి ఆరాకే నీళ్లు. ఆ పాలు కంట్లో పడితే మంట, చర్మం మీద దురద. కోసేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి.

నేలలో పెట్టే గుంత 2 × 2 × 2 అడుగులు. తవ్విన పైమట్టి సగం, చెరువు మట్టి పావు వంతు, బాగా మాగిన పెంట ఎరువు పావు వంతు, ఒక కిలో వేపపిండి. మాగని పేడ, గడ్డి, కొబ్బరి పీచు గుంత అడుగున వేయొద్దు. మన చెల్కల్లో అది చెదలకు విందు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంతటి మహావృక్షాన్నే చెదలు తొలిచేస్తే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చింది. రెండేళ్ల మొక్కకు ఆ అవకాశం ఉండదు.

వానాకాలంలో ఆకు అడుగున పసుపు, నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు కోసి బయట పారేయండి, చెట్టు కిందే వదిలేస్తే మళ్లీ అంటుకుంటుంది. చెట్టు చావదు కానీ ఆకులన్నీ ముందే రాల్చేస్తుంది.

మిగతా చెట్ల గురించి క్లుప్తంగా. పారిజాతం తెల్లవారుజామున లేచేవాళ్ల చెట్టు. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా కింద పరుచుకున్న పూలు అద్భుతం, కానీ ఎండాకాలంలో ఆకులు బరకగా, మాసినట్టు ఉంటాయి కాబట్టి రోహిణి కార్తె పరీక్షలో పాసు కాదు. పడకగది కిటికీ పక్కన పెట్టుకోండి. రేల చెట్టు దీనికి సరిగ్గా ఎదురు. అన్నీ ఎండిన ఏప్రిల్, మే నెలల్లోనే పసుపు పచ్చని పూల గుత్తులు వేలాడదీస్తుంది. దానికి కనీసం 12, 15 అడుగుల జాగ కావాలి, పూతకు కొన్నేళ్లు ఆగాలి. పెద్ద వాకిలి, ఓపిక రెండూ ఉన్నవాళ్లకు అంతకన్నా మంచిది లేదు. పొగడ ఏడాదంతా పచ్చగా, గుండ్రంగా ఉంటుంది, పెరగడం మాత్రం నిదానం.

తంగేడును ఎవరూ ఇంట్లో పెట్టుకోరు, పెట్టుకోవాలి. రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు మొదటి పువ్వు, మన చెల్కల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే నాలుగైదు అడుగుల పొద అవుతుంది. దీని తల్లివేరు లోతుగా పోతుంది కాబట్టి గుట్ట మీద నుంచి పీక్కొచ్చి నాటితే బతకదు. విత్తనాన్ని వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవాటిని ఏరి, ఉండాల్సిన చోటే వానలు పడ్డాక రెండు మూడు పెట్టండి, బలమైనదాన్ని ఉంచి తక్కినవి తీసేయండి. పూత అయ్యాక ఏటా మూడో వంతు కత్తిరిస్తేనే గుబురుగా ఉంటుంది, వదిలేస్తే కాళ్లు పొడుగై తల మీద నాలుగు ఆకులు మిగులుతాయి.

నర్సరీలో ముద్దొచ్చే క్రిస్మస్ చెట్టు మన ఎండకు రెండో మే నెలలోనే కింది కొమ్మలు ఎండబెట్టుకుంటుంది. కొత్త ఆకులే తప్ప పోయిన కొమ్మలు మళ్లీ రావు. కోనోకార్పస్ వేర్లు నీళ్ల పైపుల వైపు పరుగెడతాయి. ఈ రెండూ వద్దు.

తులసి కోట: ఉన్నదాన్నే సరిగ్గా నిలబెట్టడం

చాలా ఇళ్లలో కొత్తగా ఏమీ కొనాల్సిన పని లేదు, కోట ఉండనే ఉంటుంది. గద్దె, ఎత్తు, దీపం, రోజూ ముగ్గు, వెనక తెరపిగా జాగ: చూపు నిలవడానికి కావాల్సినవన్నీ దానికి ముందే ఉన్నాయి. చెడగొట్టేది మనమే, చుట్టూ పది కుండీలు చేర్చి. కోటకు నాలుగు వైపులా మూడడుగులు ఖాళీగా వదిలి చూడండి.

కొత్తగా తెస్తుంటే రెండు విషయాలు. రెడీమేడ్ సిమెంటు కోటల్లో చాలావాటికి అడుగున రంధ్రం ఉండదు. దుకాణంలోనే చెయ్యి పెట్టి చూడండి. లేకపోతే డ్రిల్లుతో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేయించి, అడుగున రెండంగుళాలు కంకర, దాని మీద మట్టి వేయండి. లోపలి గుంట వెడల్పు 9 అంగుళాలకు తగ్గితే తులసి ఎప్పుడూ బక్కగానే ఉంటుంది. నల్ల గ్రానైటు కోట అందంగా మెరుస్తుంది, కానీ పడమటి ఎండ పడే చోట మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది, లోపల వేరు ఉడుకుతుంది. తూర్పు వాకిలి అయితే గ్రానైటు ఫర్వాలేదు. పడమటి వాకిలి అయితే ఇటుకతో కట్టి సున్నం, జాజు పూసిన పాతకాలపు కోటే మేలు.

మొక్క విషయానికొస్తే, కంకులు వచ్చినవి వచ్చినట్టు తుంచకపోతే తులసి ఏడాదికే కట్టెబారి ఆకు తగ్గిస్తుంది. తుంచుతూ పోతే రెండు మూడేళ్లు నిండుగా ఉంటుంది. దీపం నూనె మొక్క మొదట్లో కారకుండా గూడు పక్కకు ఉండాలి. నూనె ఇంకిన మట్టి నీళ్లు పీల్చదు, మొక్క వాడుతుంటే కారణం తెలియక మందులు కొడతారు. పైన రెండంగుళాల మట్టి తీసి కొత్త మట్టి వేస్తే తేరుకుంటుంది.

నీళ్లు: కలువ గోలెమా, ఫౌంటెనా?

ఈ రెండింటి మధ్య మాకు సందేహం లేదు, గోలెమే. మన బోరు నీళ్లలో ఉండే ఉప్పు, సున్నం ఫౌంటెన్ అంచుల మీద తెల్లగా పేరుకుంటుంది, చిన్న మోటరు జాలీని మూసేస్తుంది. కరెంటు పోతే అది ఒట్టి సిమెంటు బొమ్మ. పైగా చిమ్మే నీరు నిలిచిన నీటికన్నా త్వరగా ఆవిరవుతుంది. ఫౌంటెన్ కింద కలువలు పెడదామన్న ఆలోచన కూడా పనికిరాదు. ఆకుల మీద ఎప్పుడూ తుంపర పడితే కలువ నిలవదు.

గోలెం అంటే పాతకాలపు రాతి తొట్టి దొరికితే సరే, లేకపోతే 3 అడుగుల వెడల్పు సిమెంటు తొట్టి. కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది. అందుకని తొట్టిని నింపి నాలుగైదు రోజులుంచి పారబోయడం మూడు సార్లైనా చేయాలి, అప్పుడే మొక్క, చేప. అడుగున ఆరంగుళాలు చెరువు మట్టి, దాని మీద అంగుళం ఇసుక. పేడ, కంపోస్టు అందులో వేయొద్దు, నీళ్లు పచ్చబడి కంపు కొడతాయి. మట్టి మీద అడుగు నీళ్లుంటే కలువకు చాలు.

కలువా, తామరా అన్నది ఎండను బట్టి. తామరకు రోజుకు ఆరు గంటలు తగ్గని ఎండ కావాలి, దుంప పరుచుకోవడానికి వెడల్పు కావాలి, చలికాలంలో ఆకులు ఎండి తొట్టి బోసిపోతుంది. కలువకు నాలుగైదు గంటల ఎండ చాలు, పూత కాలం కూడా పొడుగు. ఒకే తొట్టి పెట్టేవాళ్లకు కలువ.

ఖర్చు ఎక్కడంటే నీళ్ల దగ్గర. ఎండాకాలంలో నీటి మట్టం రోజుకు దాదాపు సెంటీమీటరు దిగుతుంది. మూడడుగుల తొట్టికి లెక్క వేస్తే ఆరేడు లీటర్లు, అంటే రోజూ సగం బకెట్. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అడుగునే ఉంటుంది. అందుకే మేలో నింపుకుంటూ పోవడమే కాకుండా నెలకోసారి సగం నీళ్లు తోడి చెట్లకు పోసి కొత్త నీళ్లు పట్టాలి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు నిలవ ఉంచి పోయండి. దోమలకు ఆరేడు గప్పీ చేపలు చాలు. పసిపిల్లలున్న ఇంట్లో నీటి మట్టానికి రెండంగుళాల కింద ఇనుప జాలీ బిగించకుండా తొట్టి పెట్టనే వద్దు. ఆకులు జాలీ కన్నాల్లోంచి పైకి వస్తాయి, కనిపించదు.

బండరాయి, రోలు, తిరగలి

రోహిణి కార్తెకు జంకనిది ఇదొక్కటే. నీళ్లు అక్కర్లేదు, చెదలు పట్టవు, ఫ్లోరైడ్ గొడవ లేదు. మన గుట్టలన్నీ నల్లరాయి కుటుంబమే కాబట్టి రాయి ఇక్కడి నేలలో పరాయిగా కనబడదు. రాజస్థాన్ తెల్లరాళ్లు, రంగు గులకరాళ్లు పరిచిన తోటలో ఆ కుదురు రాదు.

పెద్ద బండ ఒక్కటి చాలు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ముడిరాయి రెండు వందల కిలోల పైమాటే, కాబట్టి ఇల్లు కడుతున్నప్పుడు, జేసీబీ లోపలికి రాగలిగినప్పుడే పెట్టించుకోవాలి. ప్రహరీ, గేటు అయ్యాక నలుగురు మనుషులూ దుంగలూ కావాలి. రాయిలో మూడో వంతు నేలలోకి దిగాలి. నేల మీద ఊరికే పెట్టిన రాయి లారీలోంచి జారిపడినట్టుంటుంది, దించిన రాయి అక్కడే పుట్టినట్టుంటుంది. ఎండకు వానకు నల్లబడిన వైపు పైకి రావాలి, కొత్తగా పగిలిన తెల్లటి ముఖం మట్టిలోకి. రంగు వేయొద్దు, నీళ్లతో కడిగి వదిలేయండి.

మొక్కలు రాయికి తూర్పు వైపు పెట్టండి. పడమటి వైపు పెడితే సాయంత్రం దాకా రాయి వేడి వాటికే కొడుతుంది. కలబంద, గడ్డి గులాబీ, రెయిన్ లిల్లీ చాలు, అంతకన్నా ఎత్తైనవి రాయిని మింగేస్తాయి. నాలుగైదు చిన్న రాళ్లు పేర్చి గుట్టలా చేస్తే ఆ సందుల్లో తేళ్లు చేరతాయి. చిన్నవి తప్పనిసరైతే సందులన్నీ మట్టితో గట్టిగా కూరాలి.

పాత రోలు, తిరగలి పెరట్లో పడి ఉంటే వాటికి కూడా ఇదే గౌరవం ఇవ్వొచ్చు. రోలు చిన్నది కాబట్టి షాబాద్ బండలతో అడుగున్నర గద్దె కట్టి పైన పెట్టండి, పిట్టలకు నీళ్లు పోయండి. గుంటలో నీళ్లు రెండు రోజులకోసారి మారిస్తే దోమలు పెరగవు. ఊరి బయట పడి ఉన్న వీరగల్లులు (వీరుల గుర్తుగా నిలిపిన పాత శిలలు), విరిగిన విగ్రహాలు మాత్రం ముట్టుకోకండి. అవి చరిత్ర, ఊరివి. తోటకు అలంకారం కాదు.

పందిరి, కమాను

పొడవాటి సందు లేదా గేటు నుంచి గుమ్మం దాకా దారి ఉన్న ఇంటికి ఇది నప్పుతుంది. దారి లేనిచోట నిలబెట్టిన కమాను ఎక్కడికీ తీసుకుపోదు. ఇనుప పైపుతో చేసినవి మేలో బాగా కాగి లేత తీగ కొసల్ని మాడ్చేస్తాయి. పైపే వాడితే కొబ్బరి తాడు దగ్గర దగ్గరగా చుట్టాలి. మన దగ్గర చేలకు, కూరగాయల పందిళ్లకు వాడే రాతి కడీలు అంతకన్నా మేలు. 9 అడుగుల కడీని రెండడుగులు పాతితే 7 అడుగుల ఎత్తు మిగులుతుంది, రెండు కడీల మధ్య నాలుగడుగులు. గుంతలో మట్టితో కూరి వదిలేయొద్దు, కాంక్రీటు పోయండి. ఏప్రిల్, మే గాలిదుమారంలో ఆకుతో నిండిన పందిరి తెరచాపలా గాలిని పట్టుకుంటుంది.

రాధామనోహరం త్వరగా అల్లుకుంటుంది, సాయంత్రం తెల్లగా విచ్చి ఎరుపుకు మారుతుంది, వాసనా ఉంది. ఏటా గట్టిగా కత్తిరించకపోతే పక్కింటి మేడ మీదకు పోతుంది. కాగితం పూలకు నీళ్లు తక్కువ పోస్తేనే పూత, రోజూ పోస్తే ఆకే. ముళ్లుంటాయి కాబట్టి మనుషులు నడిచే కమాను మీద వద్దు, గోడవారన ఒంటరిగా పెట్టండి. కూరగాయ తీగైనా తప్పు లేదు. చలికాలంలో ఊదా పూతతో, కాయతో ఉన్న చిక్కుడు పందిరిని మించిన అందం ఏ నర్సరీలోనూ కొనలేం. ఎండాకాలం బోసిపోతుందన్నదే లోటు.

ఎవరికి ఏది

కిరాయి ఇల్లైతే నేలలో ఏమీ పెట్టొద్దు. 18 అంగుళాల మట్టి కుండీలో అడీనియం పెట్టి గద్దె మీద ఉంచండి, ఇల్లు మారితే వెంట వస్తుంది. సగం దొడ్డు ఇసుక, తక్కింది ఎర్రమట్టి, కంపోస్టు కలిపిన మట్టి, వానాకాలం పైకప్పు కిందికి జరపడం, ఇంతే దాని సేవ. నల్ల ప్లాస్టిక్ కుండీ మాత్రం వద్దు.

పడమటి వాకిలి, రెండు రోజులకోసారి వచ్చే నీళ్లు: దేవగన్నేరు లేదా బండరాయి. తూర్పు వాకిలి, అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లున్న ఇల్లు: కోట, లేదా నీళ్లకు కొరత లేకపోతే కలువ గోలెం. పెద్ద ఊరి వాకిలి: రేల. ఇంటి పక్క నాలుగడుగుల సందు: చివర పుడికా ఒక్కటి.

చెట్లు మృగశిర కార్తె వచ్చి నేల తడిశాక నాటండి. కలువ దుంపలు, అడీనియం కుండీ మార్పిడి ఫిబ్రవరి, మార్చి. రాయి, గద్దె, కడీల పని వాన మొదలవకముందే ముగించుకోండి.

వాకిట్లో ఇప్పటికే వేపచెట్టు ఉన్నవాళ్లకు పైవన్నీ అక్కర్లేదు, దాన్నే చూపించండి. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండిపోతే చచ్చిపోయాయని కొట్టేసినవాళ్లు ఉన్నారు. ఎండుతెగులు వచ్చిన చెట్టు చాలావరకు మళ్లీ చిగురిస్తుంది, ఎండిన కొమ్మలు తీసేసి ఆగండి. మొదలు చుట్టూ అడుగున్నర మట్టి వదిలి, ఆ తర్వాతే 18 అంగుళాల ఎత్తున అరుగు కట్టండి. పైన షాబాద్ బండలు సిమెంటుతో కాకుండా ఇసుక మీద పరిస్తే వాననీరు వేరుకు అందుతుంది, వేరు లావైనా బండ పగలదు. మొదలు మీదికి మట్టి ఎక్కించొద్దు, బెరడు కుళ్లుతుంది. జూన్, జూలైలో పళ్లు రాలి అరుగు జిగటవుతుంది, రోజూ ఊడవాల్సిందే. ఆ గింజలు కడిగి నీడలో ఆరబెట్టి, పొట్టు తీసిన పప్పు 50 గ్రాములు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడగడితే దేవగన్నేరు, మందారాల మీది పిండినల్లికి మందు. కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూటే చల్లండి, ఎండలో చల్లితే దాని బలం పోతుంది.